తడిసే తెప్ప మీద గంటసేపు

నేను పుట్టింది పెదవాల్తేరులో. చదువు, పెళ్ళి, కాపురం, ఉన్నత పాఠశాలలో ముప్పై ఒక్క సంవత్సరాల పాటు భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేయడం, అన్నీ విశాఖపట్నంలోనే జరిగాయి. ఇంత కాలం సముద్రం పక్కన బతికినా మోకాలి లోతు దాటి ఏనాడూ నీళ్ళలోకి దిగలేదంటే బయటి ఊళ్ళ వాళ్ళు నమ్మరు గానీ, మా ఊళ్ళో నాలాంటి వాళ్ళు తక్కువేమీ కాదు. రామకృష్ణా బీచ్ దగ్గర ఒడ్డు చప్పున లోతుకు దిగిపోతుంది. వచ్చే అల కంటికి కనిపిస్తుంది కానీ వెనక్కి లాగే నీటి బలం కనిపించదు. అక్కడ హెచ్చరిక బోర్డులు వెలియకముందే మా అమ్మ మాట ఒకటి ఉండేది: "సముద్రం చూడ్డానికే, దిగడానికి కాదు." ఆ మాట వింటూనే నాకు అరవై ఏళ్ళు వచ్చాయి.

ఏటా ఆర్కిమెడిస్ సూత్రం చెప్పేటప్పుడు మాత్రం నీళ్ళ గురించి నా అంత ధీమాగా మాట్లాడేవారు ఎవరూ ఉండేవారు కారు. బక్కెట్టులో స్టీలు గిన్నె తేల్చి, అందులో గులకరాళ్ళు ఒక్కొక్కటిగా వేయించి, ఎన్నో రాయికి గిన్నె మునుగుతుందో ముందే లెక్క కట్టమని పిల్లలను అడిగేదాన్ని. మా అమ్మాయి కూడా నా దగ్గరే ఆ పాఠం చదువుకుంది. 2024 దసరాకు హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు, "అమ్మా, ముప్పై ఏళ్ళు తేలడం గురించి చెప్పావు కదా, ఒక్కసారి నువ్వు తేలితే చూడాలని ఉంది," అని మొదలుపెట్టింది. ఈత నేర్చుకునే వయసు దాటిపోయిందని తప్పించుకోబోయాను. ఈత అక్కరలేదనీ, వెదురు తెప్ప మీద కూర్చుంటే నది తానే తీసుకుపోతుందనీ చెప్పి, ఫోనులో నాలుగు వీడియోలు చూపించింది.

ఎక్కడికి వెళ్ళాలన్న విషయం తేలడానికి రెండు వారాలు పట్టింది. కేరళలోని తేక్కడిలో, 1895లో కట్టిన ముల్లపెరియార్ ఆనకట్ట వెనుక నిలిచిన పెరియార్ జలాశయంలో, అటవీ శాఖ వారు వెదురు తెప్పల ప్రయాణం నడుపుతారు. కానీ అది అడవిలో కాలినడకతో కలిసిన రోజంతటి కార్యక్రమం, మా వారి మోకాళ్ళకు సరిపడదు. జమైకాలో మార్తా బ్రే నది మీద ముప్పై అడుగుల పొడవైన తెప్పలు ఉన్నాయని, వాటి మీద ఇద్దరికి సరిపోయే ఎత్తైన ఆసనం ఉంటుంది కాబట్టి కూర్చున్నవారు పెద్దగా తడవరని అమ్మాయి చదివి వినిపించింది. అదే దేశంలో రియో గ్రాండే నది మీద ఒకప్పుడు తోటల నుంచి రేవుకు అరటి గెలలను దింపిన తెప్పలే తరవాత యాత్రికులవి అయ్యాయట. తడవకపోవడం నాకు నచ్చింది కానీ, గంటసేపు తెప్ప ఎక్కడానికి భూగోళం అవతలికి వెళ్ళడం నాకే అన్యాయంగా తోచింది. చివరికి థాయిలాండు ఉత్తరాన చియాంగ్ మై దగ్గరి మే వాంగ్ నది ఖాయమైంది. 2024 ఏప్రిల్‌లో విశాఖ నుంచి బ్యాంకాకుకు నేరుగా విమానం మొదలవడం, అప్పటికి భారతీయులు వీసా లేకుండా వెళ్ళే వీలుండడం ఒక కారణమైతే, కాలం అనుకూలించడం రెండవది. జూన్ నుంచి అక్టోబరు దాకా అక్కడ వానలు, నది నిండుగా ఉంటుంది. ఫిబ్రవరి దాటితే పొలాలూ అడవులూ తగలబెట్టిన పొగ లోయలో పేరుకుపోతుంది. సంక్రాంతి వెళ్ళిన వారం, అంటే 2025 జనవరి, మాకు సరిగ్గా కుదిరింది. చలికాలం, నీరు తక్కువ, ప్రవాహం నెమ్మది.

ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. బ్యాంకాకులోని డోన్ మువాంగ్ విమానాశ్రయంలో దిగి, గడియారం గంటన్నర ముందుకు జరుపుకొని, ఆ రాత్రి రైలులో పడుకొని, ఏడు వందల కిలోమీటర్లకు పైగా దాటి ఉదయానికి చియాంగ్ మై చేరాము. పరుపులు మన రెండవ తరగతి ఏసీకంటే వెడల్పు. అరటికాయ వేపుడు, పెరుగన్నం ఇంటివి.

ఎక్కువ ఆలోచించింది బట్టల గురించి. చీర కట్టుకొని తెప్ప ఎక్కకూడదని అమ్మాయి గట్టిగా చెప్పింది. తడిసిన చీర కాళ్ళకు చుట్టుకుంటుందని, ఒకవేళ నీళ్ళలో పడితే లేచి నిలబడడం కష్టమవుతుందని అది చెప్పిన కారణంలో వంక పెట్టడానికి ఏమీ కనబడలేదు. కాటన్ సల్వారు, పొడుగు చేతుల చొక్కా వేసుకున్నాను. నూలు బట్ట వేసుకోవడం మాత్రం పొరపాటే. ఆరడానికి రాత్రి దాకా పట్టింది. వెళ్ళేవారు పలచటి సింథటిక్ బట్టలు వేసుకోవడం మేలు. చెప్పులు మడమ వెనుక పట్టీ ఉన్నవి అయి ఉండాలి. నావి అలాంటివి కావు, దాని ఫలితం తరవాత చెబుతాను.

చియాంగ్ మై నుంచి నైరుతిగా గంటం పావు ప్రయాణం. ఎర్ర రంగు సాంగ్‌తేవ్ అనే బండి మాట్లాడుకున్నాము. ఆ పేరుకు అర్థం రెండు వరసలని అట. వెనుక ఎదురెదురుగా రెండు బల్లలు ఉంటాయి. మద్దిలపాలెం షేర్ ఆటోలో మోకాళ్ళు తగిలించుకొని కూర్చునే అలవాటు ఉన్నవారికి అది విశాలంగానే ఉంటుంది. దారి పొడవునా వరిమడులు, లాంగన్ పండ్ల తోటలు, ఆ తరవాత వెదురు పొదలు, చివరికి నది పక్కన తాటాకు పాకల వరస.

నది నేను ఊహించినదానికంటే చాలా చిన్నది. పది పదిహేను మీటర్ల వెడల్పు. గులకరాళ్ళు పైనుంచే కనిపించే లోతు. థాయిలాండులో అన్నిటికంటే ఎత్తైన డోయి ఇంతనోన్ శిఖరం 2,565 మీటర్లు. ఆ పర్వతాల వైపు నుంచే ఈ నీరు దిగివస్తుంది. ఇది చివరికి పింగ్ నదిలో చేరుతుంది, పింగ్ కొంత దూరం పోయి నాన్ నదితో కలిసి చావ్ ప్రయా నదిగా మారి బ్యాంకాకు మధ్యనుంచి సముద్రానికి పోతుంది. 'మే' అంటే ఆ భాషలో తల్లి అని, ఉత్తరాదిన చాలా నదుల పేర్లు అలాగే మొదలవుతాయని బండి నడిపే ఆయన ఫోనులో అనువాదం చేసి చూపించాడు. విశాఖ జాలారిపేటలో గంగమ్మకు మొక్కకుండా చేపల వేటకు వెళ్ళని వాళ్ళను చూసిన నాకు అది విడ్డూరంగా తోచలేదు.

తెప్పలు ఒడ్డున వరసగా కట్టి ఉన్నాయి. మా తెప్ప దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను. ఎనిమిది మీటర్ల పొడవైన వెదురు బొంగులను పక్కపక్కనే పేర్చి, నాలుగు చోట్ల అడ్డకర్రలు పెట్టి, పాత టైరు ట్యూబులను పట్టీలుగా కోసి బిగించారు. ఒక్క మేకు లేదు. మొదళ్ళన్నీ వెనక్కి, కొసలన్నీ ముందుకు ఉండడం వల్ల తెప్ప ముందు వైపు సన్నబడి కొంచెం పైకి లేచి ఉంది. లావాటి మొదళ్ళు ఎక్కువ బరువు మోయగలవు కాబట్టి కూర్చునే బల్ల కూడా వెనకే కట్టారు. బల్ల అంటే పూజగదిలో వేసుకునే పీటంత ఎత్తు.

మా వారు హిందుస్థాన్ షిప్‌యార్డులో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి విరమించారు. 1948లో 'జల ఉష' ఓడను సముద్రంలోకి దింపిన యార్డులో తానూ బొమ్మలు గీశానన్న గర్వం ఆయనకు ఈనాటికీ తగ్గలేదు. ఆయన వంగి, ఒక బొంగు మీద వేలితో తట్టి, ఒక్కో కణుపు దగ్గర ఆగుతూ పోయారు. "ఇదీ ఓడే. కణుపుకూ కణుపుకూ మధ్య ఒక గది. ఒక గది పగిలినా నీళ్ళు పక్క గదిలోకి పోవు," అన్నారు. ఓడ అడుగు భాగాన్ని ఉక్కు గోడలతో గదులుగా విడగొట్టడానికి ఆయన జీవితమంతా గీతలు గీశారు. గడ్డి జాతి మొక్క ఆ పని ఎవరూ గీయకుండానే చేసుకుంది. వెదురు చెట్టు కాదని, వరికి బంధువని పిల్లలకు చెబితే వాళ్ళు నవ్వేవారు.

నేను చేతిసంచిలోంచి చిన్న పుస్తకం తీసి లెక్క వేశాను. పన్నెండు బొంగులు కనిపించాయి. ఒక్కొక్కటి సుమారు ఎనిమిది సెంటీమీటర్ల మందం అనుకుంటే, ఒక బొంగు పూర్తిగా మునిగితే తొలగించే నీరు నలభై లీటర్లు. తొలగిన నీటి బరువంతే పైకి తోసే బలం, లీటరు నీరు కిలో; అంటే పన్నెండుకు 480 కిలోల బరువు మోసే శక్తి. నానిన బొంగు బరువు ఇరవై కిలోల దాకా ఉంటుందనుకుంటే తెప్ప సొంత బరువే 240. మిగిలింది 240. నేను 62, అమ్మాయి 52, మా వారు చెప్పిన బరువు 70, తెప్ప నడిపే మనిషి 60 ఉండవచ్చు. మొత్తం 244. అంటే మేము ఎక్కగానే తెప్ప సరిగ్గా నీటి మట్టానికి దిగి, ఆపైన ఇంకొంచెం దిగుతుంది. "మునుగుతుందా?" అని అమ్మాయి అడిగింది. మునగదు కానీ మనం నీళ్ళలో కూర్చుంటాము అని చెప్పాను. ఆ లెక్క నాకు ఎంత ధైర్యం ఇవ్వాలో అంత ఇచ్చింది. మిగతా ధైర్యం ప్రాణరక్షక జాకెట్టు ఇచ్చింది. దాని మూడు బకిళ్ళూ నేనే రెండేసి సార్లు లాగి చూసుకున్నాను. ఫోన్లు, డబ్బు గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి మడిచి కట్టారు. పాస్‌పోర్టులు బసలోనే ఉంచి వచ్చాము. అది మంచి పని.

ఎక్కడమే కష్టం, కూర్చున్నాక ఏమీ లేదు. ఒడ్డు నుంచి తెప్ప అంచు మీద కాలు పెడితే అది కిందకి జారిపోతుంది. మధ్య బొంగుల మీద పెట్టాలి. తెప్ప నడిపే ఆయన, నలభై దాటిన బక్కపలచటి మనిషి, నా మోచేయి పట్టుకొని "నంగ్, నంగ్" అన్నాడు. కూర్చోమని. కూర్చున్నాను. వెంటనే బొంగుల సందుల్లోంచి చల్లటి నీరు పైకి వచ్చి పీట మీదుగా నన్ను తడిపింది. ముప్పై ఏళ్ళ పాఠం ఆ క్షణంలో నా ఒంటికి అర్థమైంది. లెక్క తప్పలేదని ఒక పక్క సంతోషం, మరో పక్క జనవరి నీళ్ళ చలి.

తరవాత కాసేపు నేను బల్ల అంచును గట్టిగా పట్టుకొని ఉన్నాను. మొదటి మలుపు తిరిగాక గానీ నా చేతులు వాటంతట అవి సడలాయని గమనించలేదు. పడవలో కూర్చుంటే నీటికీ మనకూ మధ్య ఒక గోడ ఉంటుంది, ఆ గోడ ఎక్కడ ఒరుగుతుందోనన్న భయం ఉంటుంది. ఈ తెప్పకు గోడే లేదు. ఒరగడానికి వీల్లేనంత బల్లపరుపుగా ఉంది, లోపలికి నీరు వస్తుందన్న బెంగ లేదు, ఎందుకంటే వచ్చేసింది. ఇంత కాలం నేను భయపడ్డది మునగడానికి అనుకున్నాను. తడవడానికి కూడా భయపడ్డానని అప్పుడు తెలిసింది.

నడిపే ఆయన ముందు కొసన నిలబడి పొడుగాటి వెదురు గెడ వేస్తున్నాడు. గోదావరి మీద పడవవాళ్ళు గెడ వేయడం చిన్నప్పుడు చూశాను. వాళ్ళు గెడను నేలకు ఆనించి భుజంతో నెట్టి పడవ అంచు వెంట వెనక్కి నడుస్తారు. ఈయనకు నడవడానికి చోటు లేదు, నెట్టే పని కూడా పెద్దగా లేదు. నీటి వేగమే తెప్ప వేగం. గెడతో ఆయన చేసేదంతా ముందు కొసను అటో ఇటో ఒక మూర జరపడమే. ఎదురుగా రాయి ఉంటే రాయి దగ్గరికి వచ్చేదాకా ఆగడు; ఇరవై అడుగుల ముందే గెడ కొసను రాళ్ళ మధ్య ఒకచోట ఆనించి, ఒంటిని కొంచెం వాలుస్తాడు, అంతే. తెప్ప తల తిరుగుతుంది, వెనుక భాగం తరవాత బద్ధకంగా అనుసరిస్తుంది. ఎనిమిది మీటర్ల తెప్ప వంకర మలుపుల్లో విరగకుండా ఎలా పోతుందా అనుకున్నాను. అది వంగుతుంది. చిన్న జారు మీదుగా దిగేటప్పుడు ముందు కొస పల్లంలోకి, మా బల్ల ఇంకా మెరక మీద ఉండగా, మధ్యలో బొంగులు విల్లులా వంగడం కాళ్ళ కింద తెలిసింది. బొంగులు రాళ్ళను రాసుకునే చప్పుడు మాత్రం మొదట గుండె గుభేలుమనిపిస్తుంది. రోకలి బండ మీద దొర్లినట్టు ఉంటుంది. రెండు మూడు సార్లు అయ్యాక అదీ అలవాటైపోయింది.

ఒడ్డులు నెమ్మదిగా వెనక్కి పోయాయి. రెండు వైపులా నది మీదికి వాలిన వెదురు పొదలు, వాటి మధ్య అరటి, ఒకచోట బట్టలుతుకుతున్న ఇద్దరు ఆడవాళ్ళు, ఒకచోట నీళ్ళలో నిలబెట్టిన పాకలో భోంచేస్తున్న ఒక పెద్ద కుటుంబం. వాళ్ళ పిల్లలు మా మీద దోసిళ్ళతో నీళ్ళు చల్లారు. మా వారు ఏ మాత్రం సంకోచం లేకుండా తిరిగి చల్లారు. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన అలా చేయగా నేను చూడలేదు. ఇంకో విషయం దాచకుండా చెప్పాలి. ఎగువన ఏనుగుల శిబిరాలు ఉన్నాయి. మావటులు వాటిని నదిలో కడుగుతారు. కొబ్బరికాయంత పేడ ముద్దలు మాతో పాటు, మా వేగంతోనే, తేలుతూ వచ్చాయి. ఒకటి తెప్ప పక్కనే చాలా దూరం తోడుగా ఉంది. అమ్మాయి మొహం చిట్లించింది కానీ, దాని సాంద్రత నీటికంటే తక్కువని నేను గుర్తు చేశాను. నోట్లోకి నీళ్ళు పోకుండా చూసుకోవడం మంచిదని మాత్రం వెళ్ళేవారికి చెబుతాను.

సగం దారిలో తెప్ప ఆగిపోయింది. ఇసుక మేట మీద మధ్య బొంగులు కూరుకున్నాయి. నడిపే ఆయన కిందికి దిగగానే ఆయన బరువు తగ్గి మా ముందు కొస పైకి లేచింది, వెనుక భాగం ఇంకొంచెం దిగింది, నీరు నా నడుము దాకా వచ్చింది. అప్పుడు మాత్రం భయం వేసింది. ఆయన మోకాలి లోతులో నిలబడి నవ్వుతుంటే అదే నీళ్ళలో నేను భయపడుతున్నాననే సంగతి కొన్ని క్షణాల తరవాత తట్టింది. తోసి, మళ్ళీ ఎక్కాడు. ఆ సందట్లోనే నా కుడి చెప్పు జారి ముందుకు తేలిపోయింది. దాన్ని అందుకోవడానికి నేను వంగబోతే "చా చా" అని వారించాడు, నెమ్మదిగా అని. చెప్పు మాలా ఇసుకలో కూరుకోలేదు కాబట్టి మాకంటే ముందే పోయింది.

నీరు పూర్తిగా నిమ్మళించిన చోట ఆయన గెడను నా వైపు చాపాడు. వద్దన్నాను. మా వారు, అమ్మాయి ఏకమై ఊరుకోలేదు. పీట మీద నుంచి లేవకుండా, కూర్చునే గెడ వేశాను. మొదటిసారి దిగింది, వచ్చింది. రెండవసారి బురదలో దిగబడిపోయింది. తెప్ప ముందుకు పోతోంది, గెడ వెనక్కి ఉండిపోతోంది, నేను రెండు చేతులతో గెడను పట్టుకొని సాగిపోతున్నాను. ఆయన ఏదో అరిచాడు. భాష తెలియకపోయినా వదిలేయమంటున్నాడని అర్థమైంది. వదిలేశాను. గెడ నది మధ్యలో ఒంటరిగా నిలబడిపోయింది. ఆయన నీళ్ళలో దూకి, దాన్ని పెరుక్కొని, నాలుగు అంగల్లో మళ్ళీ తెప్ప మీదికి వచ్చాడు. దాని తరవాత నన్ను ఎవరూ ఏమీ చేయమనలేదు. ఆ చివరి ఇరవై నిమిషాలు నేను కాళ్ళు చాపుకొని, అరచేతులు నీళ్ళలో వేలాడేసి, పైన వెదురాకుల సందుల్లో ఎండను చూస్తూ ఊరుకున్నాను. వెళ్ళినదానికి అదే ఫలం.

దిగే రేవులో ఖాళీ తెప్పలను ట్రక్కుల మీదికి ఎక్కిస్తున్నారు. ప్రవాహానికి ఎదురు తెప్పను తీసుకుపోవడం కుదరదు కాబట్టి అవి రోడ్డు మీద ఎగువకు వెళ్ళి మళ్ళీ నీటి మీద దిగివస్తాయి. మా మనిషి కూడా అదే ట్రక్కు ఎక్కాడు. నా చెప్పు రేవు పక్కన ముళ్ళకంపకు తగులుకొని మా కోసం ఎదురుచూస్తోంది.

విశాఖకు తిరిగి వచ్చిన పది రోజులకు చేపల కోసం జాలారిపేటకు వెళ్ళాము. ఇప్పుడు అక్కడ అందరివీ ఫైబర్ తెప్పలే; నాలుగైదు దుంగలను తాడుతో కట్టి, వేట నుంచి రాగానే విప్పి ఇసుకలో ఆరబెట్టే పాత కర్రతెప్పల కాలం దాదాపు వెళ్ళిపోయింది. మాకు చాలా ఏళ్ళుగా చేపలు ఇచ్చే ఆమె మామగారు ఆ కాలం మనిషి. వల బాగుచేసుకుంటూ కూర్చున్న ఆయనకు అమ్మాయి పంపిన ఫోటోలు చూపించాను. నది గురించి, ఏనుగుల గురించి ఆయన ఏమీ అడగలేదు. ఫోటోను వేళ్ళతో పెద్దది చేయించి, కట్టు ఎక్కడెక్కడ వేశారో చూసి, పెదవులు కదుపుతూ బొంగులు లెక్కపెట్టాడు.

"ఎన్నని సెప్పినావమ్మా?"

"పన్నెండు."

"పదమూడు. ఆ సివర్న సన్నంది ఒకటుంది, సూడు."

చూశాను. ఉంది. సన్నదైనా తన బరువు పోను పదిహేను కిలోలైనా మోస్తుంది. ఆ లెక్కన తెప్ప నీటికి కొంచెం పైనే ఉండాలి, మేము తడవకూడదు. ఇంటికి వచ్చాక పుస్తకం తీసి అన్నీ మళ్ళీ కూడాను. నా బరువు, అమ్మాయి బరువు, తడిసిన బట్టల బరువు. పక్క గదిలోంచి మా వారు, తాను చెప్పిన 70 కిలోలు విరమణ నాటి వైద్య పరీక్షలో రాసిన అంకె అని నిదానంగా అన్నారు.